కోటగుట్ట మీద పచ్చికొమ్మ

ములకలపల్లి దాటి అడవిలోకి పోతే కోటగుట్ట వస్తుంది. కోట అంటే ఏదో ఊహించుకుని వెళ్ళేరు, మిగిలింది రెండు బురుజులూ, చెట్లు మింగేసిన గోడానూ. ఆ గోడ వెంబడే జనం నడవడానికి బాట వేశారు. ఆదివారాలు కార్లు వస్తాయి. మిగతా రోజుల్లో ఆ బాట మీద తిరిగేది చిన్నక్క ఒక్కతే. బాట ఊడ్చి, వచ్చినవాళ్ళను పైదాకా తీసుకెళ్ళడం ఆమె ఉద్యోగం. ఆమెకు వేరే ఆధారం లేదు.

ఇంట్లో పలకరించే మనిషి లేక నేనూ సత్తుపల్లి నుంచి అక్కడికి వెళ్తుంటాను.

బాట చీలిన చోటల్లా చిన్నక్క పచ్చికొమ్మ విరిచి, పోకూడని దారికి అడ్డంగా వేస్తుంది. వెనక వచ్చేవాళ్ళ కోసం ముందు నడిచేవాళ్ళు చేసే పని అది. ఆకు వాడకపోతే ముందు మనిషి దగ్గర్లోనే ఉన్నట్టు. పెళ్ళయిన నాటి నుంచీ ముందు నడిచింది భర్త బొజ్జయ్య. ఆమె తునికాకు మూట నెత్తిన పెట్టుకుని, ఆ కొమ్మలు చూసుకుంటూ వెనక వచ్చేది. నిరుడు వానాకాలంలో బొజ్జయ్య పోయాడు.

ఈ ఏడు బాట ఇన్‌చార్జిగా వచ్చిన ప్రభాకర్ చీలికల దగ్గర బాణాల బోర్డులు పెట్టించాడు. కారులో వచ్చినవాళ్ళెవరో దారంతా చెత్తగా ఉందన్నారట.

"ఇంకో కొమ్మ కనబడ్డదంటే రేపట్నుంచి పనికి రాకు చిన్నక్కా," అన్నాడు అందరి ముందే.

"అవ్ సారూ," అందామె.

నాకు ఒళ్ళు మండిపోయింది. చిప్స్ ప్యాకెట్లు పారేసేవాళ్ళకు పచ్చాకు చెత్తయిందా!

ఆ పూట ఆమె వెనకే నడిచాను. మొదటి చీలిక దగ్గర ఆగి, చేతులు కొంగులో చుట్టుకుని ముందుకు పోయింది. రెండో దగ్గరా అంతే. బురుజు కింది చీలిక కూడా దాటింది గానీ, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, టేకు కొమ్మ మీద చెయ్యి వేసింది.

"బోర్డు ఉంది కదా చిన్నక్కా. ఉన్న పని పోగొట్టుకుంటావా?" అన్నాను.

"మా ఇంటాయన ఖమ్మం దవాఖానాల పోయిండు సారూ. తారురోడ్డు మీదికెళ్ళి వ్యాన్ల ఏస్కొచ్చిన్రు. ఆయనకెరుకైన అడవి బాటన రానే లేదు. ఇంకా నా ఎనక ఏడనో వస్తున్నడనే అనిపిస్తది."

బోర్డు వైపు చూసింది.

"దీన్ని చూస్తే ఆయనకేం తెలుస్తది? సదువు రాకపాయె."

ఆమె కొమ్మ విరిచి అడ్డంగా వేసింది. దిగేటప్పుడు, వదిలేసిన రెండు చీలికల దగ్గరా వేసింది. కింద గేటు దగ్గర ప్రభాకర్ కుర్చీ పక్కన చీపురు ఆనించి ఇంటిదారి పట్టింది.

పై వారం వెళ్ళాను. ఊడ్చే మనిషి లేక బాట నిండా ఎండుటాకులు. చిన్నక్క లేని బాట మీద నడవబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగిపోదామనుకుంటూనే మొదటి చీలిక దాకా వెళ్ళాను.

అక్కడ అడ్డంగా ఒక కొమ్మ ఉంది. వంగి ముట్టుకున్నాను. ఆకు ఇంకా వాడలేదు.