కొబ్బరి చెక్క తెలుపు

రాజోలు నుంచి అమలాపురం వెళ్ళే బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, నేను తీసిన పెళ్ళి ఫొటోలతో కుస్తీ పడుతున్నాను. పందిరికి కట్టిన ఆకుపచ్చ పరదాల వల్ల పెళ్ళికూతురి మొహం బీరకాయ రంగులో పడింది. పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసి, "ఒక్క ఫొటోలోనైనా నేను నాలా ఉన్నానాండీ?" అని అడిగింది.

ఫొటోలో తెల్లటి వస్తువేదో చూపిస్తే చాలు, సాఫ్ట్‌వేర్ మిగతా రంగులన్నీ సరిచేస్తుంది. మధుపర్కం చీర మీద నొక్కాను. మొహం నీలంగా మారిపోయింది.

పక్క సీట్లో పెద్దావిడ పకపకా నవ్వారు. "పెళ్ళికూతుర్ని కృష్ణుణ్ణి చేసేసేరేంటండీ బాబూ!"

"తెలుపే చూపించానండీ" అన్నాను ఉడుక్కుంటూ.

"మధుపర్కాలు తెలుపేంటండీ? పసుపు నీళ్ళలో ముంచి ఆరేస్తాం కదా! అదిగో, పళ్ళెంలో అప్పుడే కొట్టిన కొబ్బరి చెక్క ఉంది. దాని మీద నొక్కండి."

నొక్కాను. బుగ్గల మీది పసుపు మెరుపుతో సహా ఆ అమ్మాయి చామనఛాయ మొహం తిరిగొచ్చింది.

"ఆయ్, ఇదండీ పిల్ల! ఎంత కళగా ఉందో" అంటూ ఆవిడ మామిడికుదురులో దిగిపోయారు.

ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు కొబ్బరి చెక్క అడుగుతాను. నా మొదటి ఫొటో దానిదే. తరవాత పంతులుగారు చూడకుండా ఓ ముక్క నోట్లో వేసుకుంటాను. పెళ్ళికూతురు చూసి నవ్వేస్తుంది. రెండో ఫొటో అది.