రాని మనిషికి శాలువా

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించిన ఏడాది, రొయ్యలు ఒలిచే షెడ్డులో మా చెల్లెలి పని పోయింది. మరుసటి వేసవిలో తాడేపల్లిగూడెం స్టేషను దగ్గరుండే ఏజెంటు ఒకడు ఆమెను ఇంటి పనికని గల్ఫుకి పంపించాడు. మూడు నెలలు ప్రతి ఆదివారం ఫోను చేసింది. నాలుగో నెలలో ఒక్కసారే చేసింది.

"అక్కా, నన్ను వేరే ఇంటికి ఇచ్చేశారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. గుమ్మం దాటనివ్వట్లేదు" అంది. లైను తెగిపోయింది. మళ్ళీ ఫోను రాలేదు. ఏజెంటు గదికి తాళం పడింది.

నేను దెందులూరు దగ్గర చిన్న స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. ప్రతి సోమవారం సెలవు పెట్టి, ఏలూరులో అర్జీలు తీసుకునే ఆఫీసు ముందు నిలబడేదాన్ని. మొదటి రోజే గుమస్తా మా ఊరేదని అడిగాడు. కలిదిండి వైపని చెప్పగానే ముక్కు ముందు కాగితం ఊపుకున్నాడు.

"అదే అనుకున్నానండీ. చేపల వాసన ముందొచ్చింది, మీరు తర్వాతొచ్చారు."

వరసలో వాళ్ళు నవ్వారు. ఆ రోజు నేను ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వెళ్ళాను. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మా అమ్మకి ఆఫీసుల మీద నమ్మకం లేదు, ప్రార్థన మీద ఉంది. మా చర్చిలో ఒక అలవాటుంది. అడిగినది చేతికి రాకముందే, వచ్చేసినట్టుగా దేవుడికి కృతజ్ఞత చెల్లిస్తారు. జబ్బు తగ్గకముందే తగ్గిందని నలుగురినీ పిలిచి ప్రార్థన కూడిక పెట్టి భోజనాలు పెడతారు. విశ్వాసమంటే అదేనంటారు. అమ్మ కూడా పెడతానంది. కార్డులు అచ్చు వేయించాం: "మా చిన్నమ్మాయిని క్షేమంగా ఇంటికి చేర్చిన దేవునికి కృతజ్ఞతా కూడిక. అందరూ రావలెను." వచ్చినవాళ్ళెవరికీ అందులో వింత కనిపించలేదు. పాటలు పాడారు, భోంచేశారు, లేని పిల్ల కోసం ఏడ్చారు.

కూడికకి ముందు సోమవారం ఆ కార్డొకటి గుమస్తాకి నేనే ఇచ్చాను. భోజనానికి పిలిస్తే సిగ్గుపడి ఫైలు తెరుస్తాడేమోనని నా ఆశ. అతను కార్డు చదివి, మొదటిసారి నన్ను చూసి మర్యాదగా నవ్వాడు.

"మంచి మాట చెప్పారండీ. ఫైలు పైకి పంపించేస్తాను. ఇంక మీరు రానక్కర్లేదు" అని కార్డుని ఫైలుకి పిన్ను చేశాడు.

ఫైలు కదిలిందని ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను.

మరుసటి ఏడాది వేసవి చివర్లో పేపర్లో ఒక వార్త పడింది. మనుషుల అక్రమ రవాణా ఆపడానికి మన దేశం చేయవలసినంత చేయడం లేదని ఒక విదేశీ ప్రభుత్వం తన నివేదికలో రాసిందట. పక్కనే మన ప్రభుత్వం జవాబు: ఆ విమర్శ సరికాదు, బయటివాళ్ళు మనకి మార్కులు వేయనక్కర్లేదు, ఏ జిల్లాలో ఏం చేశామో మేమే చూపిస్తాం.

తర్వాత కొద్దిరోజులకి మా స్కూలు ముందు జీపు ఆగింది. ఒక అధికారి దిగి చేతులు జోడించాడు.

"టీచరు గారూ, బుధవారం ఏలూరులో సభండీ. మీరూ అమ్మగారూ తప్పకుండా రావాలి. బండి మేమే పంపిస్తాం."

"మా చెల్లెలి కబురేమైనా తెలిసిందాండీ?"

"అన్నీ సభలోనే చెప్తారండీ."

ఇంటికెళ్ళి చెబితే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "చూశావా? నీ సోమవారాలు కాదే, నా కూడిక" అంది.

సభలో మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. చల్లటి బాదం పాలు ఇచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అధికారి మైకు అందుకున్నాడు. "కొల్లేరు ప్రాంతం నుంచి వెళ్ళి గల్ఫులో చిక్కుకున్న ఒక అమ్మాయిని మన యంత్రాంగం క్షేమంగా ఇంటికి చేర్చింది. విమర్శించేవాళ్ళకి ఇదే మన జవాబు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎవరి పిల్లో అదృష్టవంతురాలని వెనక్కి తిరిగి చూశాను.

అప్పుడు మైకులో మా అమ్మ పేరు పిలిచారు.

జీపులో వచ్చిన అధికారి నా మీదికి వంగాడు. "లేవండి టీచరు గారూ. చెల్లెలు గారిని తీసుకురాలేదాండీ? శాలువా ఆవిడకే కదా!"

నా చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి. ఈలోగా అమ్మ లేచి వేదిక ఎక్కేసింది. శాలువా పట్టుకున్న ఆయన్ని దాటుకుని వెళ్ళి, వెనకాల కట్టిన తెర పక్కకి లాగింది. అక్కడ మడత కుర్చీలు ఉన్నాయి.

"ఎక్కడుందండీ?" అంది ఆయన వైపు తిరిగి.

నేను పరిగెత్తుకెళ్ళి మైకు లాక్కున్నాను. "రాలేదండీ. మా చెల్లెలు ఇంకా రాలేదు" అన్నాను. రెండో మాటకే మైకు ఆగిపోయింది.

పక్కగదిలో ఫైలు తీశారు. పైనే మా కార్డు. "మీరే ఇచ్చారు కదండీ, అచ్చు వేయించి మరీ!" అన్నాడు జీపు అధికారి. మా చర్చి అలవాటు చెప్పాను. "రానివాళ్ళకి భోజనాలేంటండీ? జవాబు ఢిల్లీ వెళ్ళిపోయింది. ఇప్పుడు రాలేదంటే ఎలాగండీ?" అని విసుక్కున్నాడు. చివరికి, కార్డులో ఉన్నది అబద్ధమని అమ్మ రాసిస్తే కొత్త అర్జీ తీసుకుంటామన్నారు.

అమ్మ కలం ముట్టుకోలేదు. "అబద్ధం కాదు బాబూ. ఆలస్యం" అంది.

అబద్ధమని నేనే రాసి సంతకం పెట్టాను. తిరుగు బండిలో అమ్మ నా పక్కన కూర్చోకుండా ముందు సీటెక్కింది.

మా చెల్లెలు ఆ తర్వాత పద్నాలుగు నెలలకి వచ్చింది. ఏ ప్రభుత్వమూ తేలేదు. ఆ ఇంటి ముసలావిడకి సూది వేయడానికి వచ్చే కేరళ నర్సు ఒకావిడ మా చెల్లెల్ని మన రాయబార కార్యాలయం దాకా చేర్చింది. తాడేపల్లిగూడెం స్టేషనులో ఒక ప్లాస్టిక్ సంచితో దిగింది. ఎదురుగా నిలబడ్డా పోల్చుకోలేకపోయాను, అంత చిక్కిపోయింది. మళ్ళీ కూడిక పెడదామా అని అడిగితే, "ఒకసారి చెల్లించేశాం కదే" అంది అమ్మ.

మరుసటి సోమవారం చెల్లెల్ని ఏలూరు తీసుకెళ్ళి ఆ గుమస్తా ముందే నిలబెట్టాను. అతను రిజిస్టరు తిరగేశాడు.

"రికార్డు ప్రకారం ఈవిడ ఎప్పుడో వచ్చేశారండీ. మీ రెండో అర్జీ కూడా డూప్లికేటని మూసేశారు."

వచ్చిన దగ్గర్నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని మా చెల్లెలు అప్పుడు నోరు విప్పింది.

"అయితే ఇన్నాళ్ళూ నేనెక్కడున్నానండీ?"

గుమస్తా నా వైపు చూశాడు. నేను బల్ల మీది తెల్లకాగితం లాక్కుని, ఆ ప్రశ్నని ఒక్క మాట మార్చకుండా రాశాను. కింద ఆమె చేత సంతకం పెట్టించి, రసీదు అడిగి తీసుకున్నాను. రసీదు ఉంది. జవాబు ఇంకా రాలేదు.