మధ్యాహ్నాలు మిషన్ ఆపింది నేను

లచ్చక్క ఆ ప్లగ్గు తీయలేదు. ఈ ఒక్క మాట బయటపెట్టలేక ఇన్నేళ్లు మోశాను. మోస్తూనే వంట చేశాను, కొట్లో గల్లా ముందు కూర్చున్నాను, పేరంటాలకు వెళ్లి పసుపు రాయించుకున్నాను. "నీలాంటి పెండ్లాం ఎవలకు దొరుకుతది" అని నలుగురూ అంటుంటే తల వంచుకున్నాను. అది అణకువ అనుకున్నారు వాళ్లు.

మీరెవరో నాకు తెలియదు. మా బజారులో ఎవరికీ మీరు చుట్టం కాదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది కొంటా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మీది ఊరు. రోడ్డు మీద లారీల సామాన్ల కొట్టు, వెనక ఇల్లు. మేడ మీద అత్తమ్మ, మరిది, తోడికోడలు. కింద నేనూ, మా ఆయనా. మాకు పిల్లలు కలగలేదు. ఆయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. టార్పాలిన్ చుట్టను ఒక్కడే భుజాన వేసుకుని లారీ మీదికి విసిరేవాడు. డ్రైవర్లతో హిందీ, సంతకొచ్చే దొర్ల గిరిజనులతో వాళ్ల దొర్లి భాష, మాతో తెలుగు, అన్నింట్లోనూ ఒకే నవ్వు. సుక్మా నుంచి సరుకు తెస్తుంటే బండి బోల్తా కొట్టింది. వెన్నుపూస విరిగింది. నడుము కింద ఏమీ మిగల్లేదు, స్పర్శ కూడా.

పడుకునే ఉండేవాళ్లకు పుండ్లు పడతాయని దవాఖానలో చెప్పారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పమన్నారు. తిప్పాను. ప్రతిసారీ తిప్పానా? లేదు. ఒళ్లు తెలియకుండా నిద్రపోయిన రాత్రులున్నాయి. ఒకరోజు ఒళ్లు తుడుస్తుంటే తోకఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు కనిపించింది. కొబ్బరినూనె రాశాను. అది నల్లబడింది. ఎవరికీ చెప్పలేదు, చెబితే చూసుకోలేదంటారని. తర్వాత ఆ నలుపు ఊడి గుంట పడింది. అప్పుడు చెప్పక తప్పలేదు.

భద్రాచలంలో డాక్టరు చచ్చిన కండంతా కోసేసి, ఇక ఇంటి దగ్గరే వ్యాక్ మిషన్ పెట్టుకోండన్నాడు. మరిది ఖమ్మం వెళ్లి అద్దెకు తెచ్చాడు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. పుండులో నల్లటి స్పాంజి ముక్క పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర గాలి చొరకుండా అంటించి, దానికో చిల్లు పెట్టి గొట్టం బిగిస్తారు. మిషన్ ఆ గొట్టంలోంచి లోపలి తడిని పీలుస్తూ ఉంటుంది. పీలుస్తున్నంతసేపూ స్పాంజి ముడుచుకుని గట్టిగా ఉంటుంది. మూడు రోజులకోసారి నర్సమ్మ వచ్చి మార్చేది. మొదటి రోజే ఆమె నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఇది ఆగొద్దమ్మా. రెండు గంటలకంటే ఎక్కువ ఆగిందంటే ఆ స్పాంజి తీసెయ్యాలె. తియ్యకుంటే లోపల మురుగుతది. మూత పెట్టి మురగబెట్టినట్టే."

మూత పెట్టి మురగబెట్టినట్టే. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ మిషన్ పని చేసింది. అది కూడా చెప్పాలి. గుంట అడుగున ఎర్రటి కండ మొలకలెత్తింది. పుండు మానితే చక్రాల కుర్చీలో కొట్లో కూర్చోవచ్చని డాక్టరు ఆశ పెట్టాడు. "నీకు సవతి వచ్చింది సూడు, ఎప్పుడూ నన్ను ఇడిచిపెట్టదు" అని ఆయన మిషన్‌ను చూపించి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కానీ దాని గుర్రు పగలూ రాత్రీ ఆగేది కాదు. పొర ఎక్కడైనా కాస్త లేచిందంటే కీకీమని అరిచేది. పరుగెత్తుకొచ్చి వేలితో అదిమి, ఇంకో పొర ముక్క అంటించాలి. స్నానంలో ఉన్నా అంతే, అన్నం ముందున్నా అంతే. ఆయన గొట్టంతో దానికి కట్టుబడి ఉన్నాడు. నేను చెవులతో కట్టుబడి ఉన్నాను. కట్టు తెంచుకోలేని మనిషి ఆయనొక్కడే. నేను తెంచుకోగలను. ఆ తేడానే నన్ను నిద్రపోనివ్వలేదు.

లచ్చక్క అప్పటికే మా ఇంట్లో పనికి ఉంది. దొర్ల మనిషి, మా ఊరి పక్క పల్లె. భర్త లేడు, ఒక కూతురు బడికి పోతోంది. ఆయన్ను తిప్పడానికి, బట్టలుతకడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది. ఆయన కాళ్లు పట్టి తిప్పేటప్పుడు ప్రతిసారీ "అయ్యా, తిప్పుతాన" అని చెప్పి తిప్పేది. ఆ కాళ్లకు ఏమీ తెలియదని ఆమెకు తెలుసు. అయినా చెప్పేది.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ మేడ మీద కునుకు తీస్తోంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను మందుల కొట్టుకని బయల్దేరాను. గుమ్మం దాటుతుంటే మిషన్ అరిచింది. వెనక్కి వచ్చి సరిచేశాను. మళ్లీ గుమ్మం దాకా వెళ్లాను. మళ్లీ అరిచింది. నేను లేనప్పుడు అరిస్తే లచ్చక్క కంగారుపడి అత్తమ్మను లేపుతుంది. అత్తమ్మ దిగొచ్చి నేనేదని అడుగుతుంది. నిలబడి ఆలోచించాను. చాలాసేపేమీ కాదు. వంగి బటన్ నొక్కాను. గది ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే, నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా కనిపెట్టి తిరిగి వేస్తారేమోనని ప్లగ్గు కూడా లాగేశాను. లచ్చక్కను పిలిచి, "బ్యాటరీ ఎక్కుతాంది, ముట్టుకోకు" అన్నాను. ప్లగ్గు లేకుండా బ్యాటరీ ఎలా ఎక్కుతుందని ఆమె అడగలేదు. నా మాట మీద నమ్మకం.

మందుల కొట్టు దాటి నడిచాను. షేర్ ఆటో ఆగింది, ఎక్కాను. సరిహద్దు దాటి చింతూరులో దిగాను. చేసిందేమీ లేదు. బస్టాండు పక్క హోటల్లో టీ తాగాను. భద్రాచలం బస్సు వచ్చి మనుషుల్ని ఎక్కించుకుని పోవడం చూశాను. అక్కడ నేనెవరికీ పెళ్లాన్ని కాను, కోడల్ని కాను. ఒకావిడ పక్కన కూర్చుని "ఏ ఊరమ్మా మీది?" అంటే నోటికొచ్చిన ఊరు చెప్పాను. ఎంత బాగుందో! తిరిగొచ్చి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కాను. గుర్రు మొదలైంది. ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడమే నన్ను ముంచింది. మర్నాడు వెళ్లలేదు. ఆ తర్వాత రోజు వెళ్లాను. నెమ్మదిగా అది అలవాటైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెళ్తే సాయంత్రం టీ వేళకు వచ్చేదాన్ని. రెండు గంటలు ఎప్పుడో దాటేవి. ఒకసారి భద్రాచలం బస్సెక్కి కూర్చున్నాను కూడా. బస్సు కదిలాక కేక వేసి దిగిపోయాను. కండక్టరు తిట్టాడు. ఆ రోజు ఎందుకు దిగాను? ఆయన మీద ప్రేమతోనా, ఊరు ఏమంటుందోననా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నా జవాబు మారుతూనే ఉంది.

తర్వాత జ్వరం వచ్చింది. నర్సమ్మ పొర తీసేసరికి గదంతా వాసన. స్పాంజి కింద పచ్చటి చీము. ఆమె మిషన్ చేతిలోకి తీసుకుని బటన్లు నొక్కి చూసింది. అది ఎంతసేపు నడిచిందో అదే లెక్క పెట్టుకుంటుందట. నాకు తెలియదు. "రోజూ గంటలకు గంటలు ఆగుతాంది ఇది. ఎవరాపుతున్నరు?" అంది. గుమ్మంలో అత్తమ్మ, మరిది. గోడవారగా లచ్చక్క. మంచం మీద ఒక పక్కకు తిరిగి, జ్వరంతో ఆయన.

లచ్చక్కే ముందు మాట్లాడింది. "నేను ముట్టలే అమ్మా. బ్యాటరీ ఎక్కుతాంది, ముట్టకు అని సావుకారమ్మనే చెప్పింది."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "ఏందే, నువ్వు చెప్పినవా?"

ఊఁ అంటే సరిపోయేది. ఒక్క అక్షరం. నేనన్నది ఇది: "నేనెందుకు చెప్త అత్తమ్మా? ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోనీకి ఈమెనే ప్లగ్గు తీసుంటది."

ఫోన్ సంగతి ఎవరూ అడగలేదు. నేనే కల్పించాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అంతకు ముందే లోపల వండి పెట్టుకున్నట్టు. లచ్చక్క నన్ను చూసింది. మధ్యాహ్నాలు నేను ఇంట్లో ఉండననే మాట ఆమె అప్పుడు ఎత్తి ఉంటే నా పని అయిపోయేది. ఎత్తలేదు. ఎందుకో నాకు తెలియదు. మరిది ఆమె చెయ్యి పట్టి గుమ్మం అవతలికి తోశాడు. ఆమె చెప్పులు దొడ్లో ఉండిపోయాయి. వాటి కోసం కూడా వెనక్కి రాలేదు.

ఎముక దాకా పాకింది. భద్రాచలంలో మళ్లీ కోశారు, ఈసారి ఎముక కూడా కొంత గీకారు. వరంగల్ తీసుకెళ్లి పక్క కండ తిప్పి కుట్టారు. ఆయన బతికాడు. కానీ కుర్చీ ఆశ పోయింది. ఆ చోట ఇక బరువు పడకూడదన్నారు. కొట్లో కూర్చోవడమనేది ఆయనకు మళ్లీ జరగలేదు.

వార్డులో ఒక పొద్దున, ఆయనకు గంజి తాగిస్తున్నాను. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. ఉన్నట్టుండి అన్నాడు. "మిషన్ ఆగితే నాకు తెల్వదనుకున్నవా? నడుం కింద సచ్చింది గని, చెవులు మంచిగనే ఉన్నయ్."

చెంచా గిన్నెలో పెట్టేశాను. "మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"వచ్చినంక నీ మొహం మంచిగుండేది. రెండు మాటలు మాట్లాడేదానివి."

"లచ్చక్కను ఎల్లగొట్టినప్పుడైనా చెప్పకపోతివి."

ఆయన గంజి మింగి, మెల్లగా అన్నాడు. "లచ్చక్క పోతే ఇంకో లచ్చక్క వస్తది. నువ్వు పోతే నాకెవలున్నరు?"

మొదటి మాట విన్నప్పుడు, ఆయన నన్ను క్షమించాడనుకున్నాను. రెండోది విన్నాక అది క్షమించడం కాదని అర్థమైంది. నన్ను అట్టిపెట్టుకున్నాడు. తప్పు పట్టగలనా? మంచం మీద ఉన్నవాడు చేతికందింది పట్టుకుంటాడు. కానీ ఆ పొద్దుటి నుంచి మేమిద్దరం ఒకే అబద్ధంలో కాపురం ఉంటున్నాం. నిజం చెప్పి ఉంటే అత్తమ్మ నన్ను పుట్టింటికి తోలేది. నేను చింతూరు దాకా వెతుక్కుంటూ వెళ్లింది ఆ విడుదలనే కదా! తలుపు ఎదురుగా తెరుచుకుంటే నా చేతులతో నేనే మూసుకున్నాను. కాసేపు బయటికి పోయి రావడం, వచ్చాక మంచి ఇల్లాలిలా ఉండటం, రెండూ కావాలనుకున్నాను. ఆ రెంటికీ ఖరీదు లచ్చక్కతో కట్టించాను.

సావుకారు ప్రాణం మీదికి తెచ్చిన మనిషని బజారంతా పాకింది. ఆమెను ఎవరూ పనిలో పెట్టుకోలేదు. కూతుర్ని బడి మాన్పించి, తల్లీకూతుళ్లు మిరపకోతలకు తెలంగాణ వైపు పోయారని విన్నాను. విని, కూర తాళింపు పెట్టాను.

ఈ ఎండాకాలం సంతలో కనిపించింది. గోనెపట్టా మీద చింతపండు పోసుకుని కూర్చుంది. జుట్టు సగం నెరిసింది. దాటిపోదామనుకున్నాను. ఆమే పలకరించింది. "అయ్య మంచిగున్నడా?" ఎదుట కూలబడ్డాను. "లచ్చక్కా, ఆ రోజు నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె చింతపండులోంచి ఒక గింజ ఏరి పక్కన పడేసింది. "అది నాకెందుకు చెప్తన్నవ్? నాకు తెల్వదా ఏంది?" అంది. కోపం లేదు, జాలి కూడా లేదు. "మీ అత్తకు చెప్పు. మీ మరిదికి చెప్పు. నన్ను గుమ్మంల నుంచి నూకింది వాళ్లు." ఇంతలో ఎవరో బేరానికి వచ్చారు. ఆమె అటు తిరిగి తూకం అందుకుంది. నేను లేచేదాకా మళ్లీ నా వైపు చూడలేదు.

నిజమే. తెలిసినవాళ్లకే చెప్పాను. ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసు. అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? సంత నుంచి వచ్చినప్పటి నుంచీ మేడ మెట్లెక్కుతున్నాను. అత్తమ్మకు ఇప్పుడు చూపు తగ్గింది. నా అడుగుల చప్పుడు విని "రా బిడ్డా" అంటుంది. కాళ్లు పిసికి దిగొస్తున్నాను. ఏం చేస్తుంది నన్ను ఈ వయసులో? ఏమీ చేయలేదు. భయం దేనికి మరి? బహుశా "రా బిడ్డా" అన్న మాట పోతుందని.

తెలియనివాళ్లలో మొదట చెప్పింది మీకే. మేడ ఎక్కి ఈ మాట అనగలనో లేదో ఇప్పుడు ప్రమాణం చేయను. నా ప్రమాణాల సంగతి నాకు తెలుసు.

ఇది రాస్తుంటే ఆయన మంచం మీది నుంచి అడిగాడు, ఏం రాస్తున్నవని. లచ్చక్క సంగతి అన్నాను. "దవాఖానల నేనన్న మాట గూడ రాసినవా?" అన్నాడు.

"రాసిన."

ఆయన గోడ వైపు తిరగాలనుకున్నాడు. భుజం కదిలింది, నడుము కదల్లేదు. లేచి వెళ్లి నేనే తిప్పాను. "తిప్పుతాన" అని చెప్పి తిప్పాను. దిండు సరిచేసి మళ్లీ ఇక్కడికి వచ్చి కూర్చున్నాను. ఆయన వీపు నా వైపు ఉంది. నా ఊపిరి మాత్రం చాలాకాలానికి కడుపు దాకా దిగుతోంది.