నాన్న, నరసాపురం బండి, ఎదురెండ

మా చిన్నతనంలో పొద్దుటి బండి మంచులో వచ్చేది... సాయంత్రం బండి ఎదురెండలో పోయేది. రెండూ ఫొటోకి పనికిరాని వేళలే.

నరసాపురం లైను మీద చిన్న స్టేషను మాది. అప్పటికింకా బొగ్గింజన్లే. మా నాన్న ఆ ఇంజను మీద ఫైర్‌మన్... అంటే పారతో బొగ్గు ఎత్తి పొయ్యిలో వేసే పని. బండి మా ఊరు దాటేటప్పుడు ఇంజను గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. తలకి గుడ్డ, ఒళ్ళంతా మసి, వెనకాల ఎర్రగా మంట. నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. చెయ్యి ఊపడానికి కూడా సిగ్గే నాకు.

తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎండాకాలానికల్లా మా లైన్లో డీజిలు వచ్చేస్తుందని టీ కొట్లో అనుకుంటుంటే విన్నాను. ఇక బొగ్గు ఉండదు... నాన్న ఆ గుమ్మంలో ఉండరు. ఈలోగా ఆయన్ని ఆ ఇంజను మీద ఒక్క ఫొటో తీయాలనిపించింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

భీమవరంలో మా మావయ్యకి బట్టల కొట్టు ఉండేది. ఆయన బీరువాలో ఒక డబ్బా కెమెరా ఉండేది. దాని మీద రెండే గుర్తులు... ఎండ, మబ్బు. మంచుకీ, మునిమాపు వేళకీ గుర్తు లేదు. అమ్మ చేత అడిగించి, రీలుతో సహా తెచ్చుకున్నాను.

దాళ్వా నాట్ల రోజులవి... రెండో పంటకి మళ్ళన్నీ నీళ్ళతో నిండి ఉండేవి. పొద్దున్నే మంచులో ఇంజను కూత వినపడేది గాని ఇంజను కనపడేది కాదు... కనపడేసరికి దాటిపోయేది. సాయంత్రమేమో సూర్యుడు సరిగ్గా బండి వెనకాల. పైన ఒకడు, మడిలో నీళ్ళల్లో ఇంకొకడు. ఆ రెండు వెలుగుల మధ్య నాన్న ఎక్కడున్నారో నాకే తెలిసేది కాదు.

అవతలి పక్కనుంచి తీద్దామంటే అటు పంట కాలువ. ఒకరోజు కాలువకి అడ్డంగా వేసిన తాటిబొందు మీదుగా దాటి వెళ్ళాను. మోకాళ్ళ దాకా బురదలో దిగబడిపోయాను. కాళ్ళు లాక్కునేలోపు బండి వెళ్ళిపోయింది...

రీలు అయిపోయింది. భీమవరం స్టూడియోలో ఇచ్చాను. వారం పోయాక వెళితే, స్టూడియో ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఏం తీశావు బాబూ?"

"రైలండి."

"ఏదీ రైలు?"

నాకూ కనపడలేదు. ప్రింటు వేయడం దండగన్నాడు. సూర్యుణ్ణి వీపు వెనకాల పెట్టుకోవాలట, పొద్దెక్కాక తీయాలట. పొద్దెక్కాక మా నాన్న బండి మా ఊరు రాదని ఆయనకి ఎలా చెప్పను... తల ఊపి వచ్చేశాను.

మావయ్య ఇంకో రీలు ఇవ్వనన్నారు. తర్వాత ఏదో పెళ్ళిలో తీయగా రీల్లో ఒక్క ఫొటో మిగిలిందని కెమెరా ఇచ్చి, అది తీసుకుని మళ్ళీ ఇచ్చెయ్యమన్నారు.

అప్పట్నుంచి నేను కోరుకున్నది ఒకటే... పొద్దుటి బండి లేటవ్వాలని. ఊళ్ళో అందరూ లేటైతే తిట్టుకునేవారు. నేను లేటవ్వలేదని తిట్టుకునేవాణ్ణి. ఎప్పుడూ లేని విధంగా ఆ రోజుల్లోనే సరిగ్గా సమయానికి వచ్చేది.

మాఘమాసంలో ఒకనాడు నిజంగానే లేటయింది. మంచంతా విడిపోయాక వచ్చింది. ఎదురు బండి కోసం మా స్టేషన్లోనే ఆపేశారు కూడా. చక్కటి ఎండ, నా వీపు మీదే. నాన్న గుమ్మంలోనే ఉన్నారు, పార చేతిలో పట్టుకుని. కెమెరా పైకెత్తాను...

నాన్న చూశారు.

"ఆగరా. ఈ అవతారంలోనా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

మా వైపు ఫొటో అంటే ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని దిగేది. పని బట్టల్లో ఎవరూ దిగరు. నాన్న ఇంజను దిగి, పంపు దగ్గర సబ్బుతో ముఖం, మెడ, మోచేతుల దాకా తోముకున్నారు. స్టేషను మాస్టారు తన తెల్ల చొక్కా ఇచ్చారు. వాళ్ళావిడ లోపల్నుంచి పౌడరు డబ్బా పంపారు. డ్రైవరు గారు ఇంజను మీంచి, "ఏంటయ్యా, పెళ్ళిచూపులా? ఇక్కడ పొయ్యి చల్లారిపోతోంది" అని వేళాకోళం చేశారు.

నాన్న తిన్నగా వెళ్ళి క్రోటన్ మొక్కల పక్కన, మాస్టారి కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇంజను ఎక్కడో... ఈయన ఎక్కడో.

"నాన్నా... ఇంజను దగ్గర..." అన్నాను.

"ఇంజనెందుకురా, మసి తప్ప ఏముంది దాంట్లో? ఇక్కడైతే శుభ్రంగా ఉంటుంది. ఊఁ, కానీ."

నాన్నకి ఎదురు చెప్పడం నాకు తెలియదు. ఎదురు బండి కూత వినపడింది. నొక్కేశాను.

ఆ ఫొటో ఎంత బాగా వచ్చిందో! స్టూడియో ఆయన నాకు చెయ్యి కుదిరిందన్నాడు. నాన్న దానికి ఫ్రేము కట్టించి వసారాలో తగిలించారు. వచ్చినవాళ్ళందరికీ "మావాడు తీశాడండి" అని చూపించేవారు. నేను మాత్రం అటు చూసేవాణ్ణి కాదు. ఇప్పటికీ చూడబుద్ధి కాదు. ఎవరో తాలూకాఫీసు గుమాస్తాలా ఉంటారు అందులో. ఎండ కుదిరింది, నీడ కుదిరింది... మనిషే మా నాన్న కాదు.

ఎండల్లో డీజిలు వచ్చింది. నాన్నని వేరే పనిలో వేశారు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళైంది.

ఇప్పుడు మా మనవరాలు ఫోనుతో చీకట్లో పోయే బండిని కూడా అద్దంలా తీస్తుంది. మంచైనా ఎదురెండైనా దానికి ఒకటే. మొన్న రైలు గేటు దగ్గర ఫోను నా చేతిలో పెట్టి, "తాతయ్యా, మీకు కావలసింది తీసుకోండి" అంది. ఏం తీసుకోను...

ఆ రోజుల్లో మా లైన్లో బొగ్గింజను బండిని మీలో ఎవరైనా ఫొటో తీసి ఉంటే ఈ పోస్టు కింద పెట్టండి. కదిలిపోయినా, మంచు కమ్మినా, నల్లగా వచ్చినా సరే. ఇంజను గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంటే... ముఖం తెలియకపోయినా ఫర్వాలేదండి. నేను గుర్తుపడతాను.