పదమూడు నెలల ఖాళీ

బాపట్లలో మా పక్కింటి గేటుకు రంగు వేస్తున్నారు. పెయింటరు బ్రష్షులు కిరసనాయిల్లో కడుగుతుంటే ఆ వాసన గోడ దాటి నా వంటింట్లోకి వచ్చింది. అది కొందరికి తలనొప్పి తెస్తుంది. నాకు కోపం తెస్తుంది. తెనాలిలో నేను పద్దెనిమిదేళ్లు ప్రూఫులు దిద్దిన ప్రెస్సులో సీసపు అక్షరాలను కిరసనాయిలుతోనే కడిగేవారు. ఆ వాసన తగిలితే శరభయ్య మాస్టారు గుర్తొస్తారు. ఆయన పోయి ఏడేళ్లవుతోంది. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచి ఉంది, రాస్తాను. మిగతాది కూడా రాస్తాను.

ఆయన రేపల్లెలో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. రష్యాలో కమ్యూనిస్టు రాజ్యం కూలిన రెండు మూడేళ్లకు, విప్లవం నాటి నుంచి అక్కడ గద్దెనెక్కిన నాయకులందరి చరిత్ర ఒక పుస్తకంగా రాశారు. వారానికి రెండుసార్లు రేపల్లె ప్యాసింజరు దిగి, గుడ్డసంచిలో రాతప్రతి పెట్టుకుని ప్రెస్సుకు వచ్చేవారు. జీవితమంతా నమ్మిన రాజ్యం ఎందుకు కూలిందో తనకు తాను చెప్పుకోవడానికే రాస్తున్నానని అనేవారు. ఆ నాయకుల పేర్లు మా నోళ్లు తిరగక, ప్రెస్సులో మేం మారుపేర్లు పెట్టుకున్నాం. మీసాలాయన, ఆయన తర్వాత బట్టతలాయన, ఆ తర్వాత కనుబొమలాయన, చివర్లో రాజ్యం పోగొట్టుకున్న మచ్చాయన, ఆ పైన ట్యాంకెక్కినాయన. సగం పేర్ల చివర వ పొల్లే. ప్రెస్సు యజమాని కరీముల్లా గారు నెత్తి కొట్టుకునేవారు. "మా అక్షరాల కేసుల్లో ఇన్ని పొల్లు వ-లు లేవండి మాస్టారూ. నాయకుల్ని కాస్త తగ్గించండి!"

మాస్టారు నాకు నేర్పిన మొదటి పాఠం మీసాలాయన అధ్యాయంలో. ఆయన లక్షలమందిని చంపించాడని రాతప్రతిలో ఉంది. మాస్టారు నమ్మిన మనిషి కదా, తర్వాత బాధపడతారేమోనని నేను దాన్ని 'లక్షల మరణాలు జరిగాయి' అని మార్చాను. మాస్టారు ప్రూఫు చూసి కళ్లజోడు తీశారు.

"జరగడం ఏంటి రూతమ్మా? వాన పడిందా? చేసినవాడున్నాడు కదా."

"మీకు కష్టంగా ఉంటుందేమోనని, మాస్టారూ."

"కష్టంగానే ఉంది. ఇరవయ్యేళ్లు మా ఇంట్లో ఆయన పటం ఉంది. అయినా ఈ 'జరిగింది' అనే మాట వెనక మనుషులు దాక్కుంటారమ్మా. చెయ్యి పట్టి బయటికి లాగు."

ఆ మాటకు నేను ఆయనకు దణ్ణం పెట్టాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు, వాక్యంలో కర్త ఎక్కడున్నాడో వెతకడం ఆ రోజు తెలిసింది. ఆయన పక్కన కూర్చుని పుస్తకమంతా అలాగే చదివాను. అలా చదవబట్టే ఆ ఖాళీ నా కంటపడింది. రాతప్రతిలో నూట పన్నెండో పేజీ చివర, కనుబొమలాయన తర్వాత వచ్చిన నాయకుడు ఫిబ్రవరిలో చనిపోయాడు. నూట పదమూడో పేజీ మొదట్లో, పైయేడు మార్చిలో మచ్చాయన వచ్చాడు.

"మధ్యలో పదమూడు నెలలు కుర్చీ ఖాళీగా ఉందా మాస్టారూ?" అని అడిగాను.

ఆయన వేళ్లమీద నాయకుల్ని లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. ముసలితనంలో గద్దెనెక్కి, ఏడాది దాటగానే కన్నుమూసిన ఒక నాయకుణ్ణి ఆయన పూర్తిగా మర్చిపోయారు. అక్కడే స్టూలు మీద కూర్చుని అరపేజీ రాశారు. కరీముల్లా గారు చూసి, "ఈయన పేరుకి పొల్లు లేదండోయ్! మన ప్రెస్సు మీద జాలిపడ్డవాడు ఈయనొక్కడే," అన్నారు. అందరం నవ్వాం. ముందుమాట చివర మాస్టారు తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: నేను మరిచిన నాయకుణ్ణి గుర్తుచేసిన రూతమ్మకు కృతజ్ఞతలు.

పుస్తకావిష్కరణ రేపల్లెలో. చర్చికి వెళ్లేటప్పుడు కట్టుకునే చీర కట్టుకుని వెళ్లి మూడో వరుసలో కూర్చున్నాను. ఒక కాలేజీ లెక్చరరు మైకు అందుకుని ఆ వాక్యం పైకి చదివాడు. "ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన మాస్టారికి ప్రెస్సు అమ్మాయి గుర్తుచేయాల్సొచ్చిందన్నమాట!" అన్నాడు. హాలంతా నవ్వింది. మాస్టారు లేచారు. నా వైపు చూడలేదు.

"అబ్బే, రాతప్రతిలో ఉన్నాడండి. అచ్చులో ఒక పేజీ జారిపోయింది. పొరపాటు జరిగింది. ఆ అమ్మాయే మళ్లీ చూసి పెట్టింది. అందుకని రాశాను."

జరిగింది అన్నారు. ఆ మాట రాసినందుకు నన్ను దిద్దిన మనిషే.

ప్రూఫు దిద్దేవాళ్లకు ఉన్న ఆస్తి ఒక్కటే, ఏదీ జారిపోనివ్వరన్న పేరు. నాది ఆ మధ్యాహ్నం పోయింది. ఏటా బాపట్ల నుంచి కాలేజీ పత్రిక పని తెచ్చే ఆయన ఆ ఏడు తేలేదు. రైలు స్టేషన్లో కనబడితే, "పేజీలు ఎగిరిపోతాయట కదమ్మా మీ దగ్గర," అని నవ్వాడు. నేను మాస్టారికి పదకొండు ఉత్తరాలు రాశాను. నకళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అడిగింది ఒక్కటే: ఆ పేజీ నా దగ్గర జారలేదని, రాతప్రతిలోనే లేదని నలుగురిలో చెప్పమని. జవాబు లేదు. "పోనీలేమ్మా, పెద్దాయన," అన్నారు కరీముల్లా గారు. మీ ప్రెస్సు పేరు కూడా పోయింది కదండీ అన్నాను. "నా పేరుకేముందమ్మా, ఎటూ కొత్త ఆఫ్‌సెట్ ప్రెస్సుల వాళ్లు పట్టుకుపోయేదే."

కొన్నేళ్లకు ట్యాంకెక్కినాయన ఏడాది చివరి రోజున టీవీలో కనిపించి దిగిపోయాడు. గూఢచారి శాఖ నుంచి వచ్చినాయన కుర్చీ ఎక్కాడు. మధ్యలో నాలుగేళ్లు కుర్చీ మారినా, పెత్తనం ఇప్పటికీ ఆయనదే. ఆయన అధ్యాయం చేర్చి మాస్టారు రెండో ముద్రణ వేరే ఊళ్లో వేయించారు. కొని చూశాను. ఆ అరపేజీ ఉంది. ముందుమాటలో నేను లేను.

ఆయన మంచం పట్టారని తెలిసి రేపల్లె వెళ్లాను. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. వరండాలో ఇద్దరు పాత శిష్యులు కూర్చుని ఉన్నారు. గదిలో మేమిద్దరమే. దాచుకున్న నూట పన్నెండు, నూట పదమూడు పేజీలు ఆయన దుప్పటి మీద పెట్టాను. అంకెలు ఆయన చేతివే. మధ్యలో జారడానికి ఏమీ లేదు. ఆయన ఆ అంకెల మీద వేలు పెట్టి చూశారు.

"నిజమే రూతమ్మా. నేనే మర్చిపోయాను. నువ్వే పట్టుకున్నావు."

"బయట మీ శిష్యులున్నారు. పిలుస్తాను. ఒక్కసారి వాళ్ల ముందు అనండి."

"నువ్వు విన్నావు కదమ్మా."

"నేను వినడం ఎందుకండి? నాకు తెలిసిందే కదా. మీసాలాయన పోయాక ఆయన చేసినవి బట్టతలాయన ఒప్పుకున్నది కూడా తలుపులు మూసిన సభలోనే. మీ పుస్తకంలోనే ఉంది."

ఆయన నవ్వబోయి దగ్గారు. "ఆయనకి దేశం ఉందమ్మా. నాకు ఈ పుస్తకం ఒక్కటే ఉంది."

ఇంతలో శిష్యుల్లో ఒకాయన తలుపు తీసి, "ఈమె ఎవరండీ మాస్టారూ?" అన్నాడు.

"తెనాలి ప్రెస్సు అమ్మాయి. చూడ్డానికొచ్చింది," అన్నారు మాస్టారు, గోడ వైపు తిరుగుతూ.

కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను. వరండాలో ఆ ఇద్దరికీ నేనే చూపించవచ్చు. నమ్మేవాళ్లు కూడా. చూపించలేదు. అది దయ కాదు, ఎవరూ అలా అనుకోవద్దు. చేసిన మనిషి నోటినుంచే రావాలని పంతం పట్టాను. ఆ పంతం పట్టడం నాకు నేర్పింది ఆయనే. రెండు నెలలకు మాస్టారు పోయారని కబురు వచ్చింది. పంతం ఇంకా నా దగ్గరే ఉంది. చెప్పాల్సిన నోరు లేదు.