గ్రీజు మావయ్య బిరడాలు

తిరిగేది ఏదైనా సరే, కంట పడిందంటే దానికి గ్రీజు పెట్టకుండా గ్రీజు మావయ్య ముందుకు కదిలేవాడు కాదు. తలుపు బందులు, కుట్టుమిషను, చుట్టాలింట్లో ఫ్యాను, బట్టల షాపు ముందు తిరిగే బొమ్మ, ఒకటేమిటి. చివరిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఊపిరందక మాట కూడా పెగలని మనిషి, కూర్చోబెట్టిన చక్రాల కుర్చీ కిర్రుమనగానే నర్సును ఆపి, వేలితో చక్రం చూపించాడు.

బస్సుల డిపోలో మెకానిక్కుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాడు. ఆ రోజు తోటివాళ్ళంతా చందాలు పోగేసి గిటారు కొందామని బయల్దేరారు. షాపులో ధరలు చూశాక ఉకులేలే పట్టుకొచ్చారు. నాలుగే తీగలు, చంకలో ఇమిడిపోయే ఒళ్ళు.

"ఇది గిటారు పిల్ల కాబోలు. పెంచుకుంటే అదే పెద్దదవుతుంది" అన్నాడు మావయ్య, పొంగిపోతూ.

పెంచుకున్నాడు కూడా. నాలుగు పాత పాటలు కూడబలుక్కుని నేర్చుకున్నాడు. ఇబ్బందల్లా అత్తయ్యతోనే. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి. పాము చెవులు. అవతలివాళ్ళు హలో అనకముందే, ఊపిరి పీల్చిన తీరునుబట్టి ఎవరో చెప్పేసేది. అలాంటి మనిషి ముందు మావయ్య పాట పల్లవిలో బాగానే నడిచేది. చరణానికి వచ్చేసరికి తీగలు చుట్టిన బిరడాలు ఒక్కొక్కటే జారడం, శ్రుతి దిగిపోవడం మొదలయ్యేది.

"పల్లవి మేడ మీద, చరణం మెట్ల మీద, ముగింపుకొచ్చేసరికి పాట పెరట్లో పడుంటోంది" అనేది అత్తయ్య వంటింట్లోంచి.

"బిరడాలు చవకరకం. నేనేం చెయ్యను?"

"వారం వారం వాటిని విప్పి బిగిస్తూనే ఉంటారుగా. ఏం చేస్తారసలు?"

"సర్వీసింగు" అనేవాడు మావయ్య, హుందాగా.

ఒక శుక్రవారం అత్తయ్య తేల్చి చెప్పేసింది. "ఆదివారం మా చెల్లెలు వాళ్ళొస్తున్నారు. వాళ్ళ ముందు ఒక్క పాట వాయించండి. మొదలుపెట్టిన శ్రుతిలోనే ముగించండి. లేదంటే దాన్ని వాళ్ళ మనవళ్ళ చేతిలో పెట్టి పంపించేస్తా."

ఆ మనవళ్ళిద్దరి చేతిలో పడిన ఏ బొమ్మా రెండో పూట చూడలేదు. కిందటిసారి వచ్చినప్పుడు గోడ గడియారంలోని పిట్టను ఊడబెరికి, బకెట్లో ఈత నేర్పించారు. 

శనివారం తెల్లారగానే మావయ్య ఉకులేలేని తువ్వాలులో చుట్టుకుని వాయిద్యాల షాపుకెళ్ళాడు. గల్లాపెట్టె దగ్గరున్న ఆవిడే షాపు యజమానురాలు. "గేర్లున్న బిరడాలు కావాలమ్మా. నా జేబుకు తగ్గవి" అన్నాడు.

ఆవిడ ముందుగా బంగారు రంగులో మెరుస్తున్నవి తీసింది.

"గేరేదీ?" అన్నాడు మావయ్య, అటూ ఇటూ తిప్పి చూసి.

"లోపలుంది బాబాయ్. మూతేసి సీలు చేసేస్తారు. జీవితాంతం ముట్టుకోనక్కర్లేదు."

మావయ్య మొహం మాడిపోయింది. "కంటికి కనపడని గేరును ఎలా నమ్మమంటావు? దానికి ఒంట్లో బాగోకపోతే తెలిసేదెలా?"

ఆవిడ నవ్వాపుకుని ఇంకో అట్టపెట్టె తీయబోతుంటే, పక్కనున్న బుట్టలో మావయ్యకు పెద్ద గేర్లు కనిపించాయి. రేకు పలకకు మూడేసి, రెండు పలకలు.

"అవి గిటారువి బాబాయ్. చవకే గానీ మీకు ఆరెందుకు?"

"నాలుగు వాడుకుని రెండు స్టెప్నీ ఉంచుకుంటా."

"ఆ బరువుకి మీ ఉకులేలే ముందుకి తలవాల్చేస్తుంది."

"వెనకాల నాలుగు నట్లు కట్టేస్తే సరి."

"అప్పుడు దాన్ని ఇద్దరు మొయ్యాలి. ముందు మీ వాయిద్యం ఇలా ఇవ్వండి, కన్నం ఎంతుందో చూస్తాను."

తువ్వాలు విప్పి ఇచ్చాడు. ఆవిడ బిరడా పట్టుకోగానే వేళ్ళు జారాయి. ఇంకోటి పట్టుకుంది. అదీ జారింది. వేళ్ళు వాసన చూసుకుంది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"గ్రీజు. మామూలుది కాదు, మా డిపోది. ఇది వచ్చిన రోజు నుంచీ ప్రతి ఆదివారం పెడుతున్నా."

ఆవిడ వేళ్ళు తువ్వాలుకు తుడుచుకుంది. తరవాత ఉకులేలేని గాజుబల్ల మీద మెల్లగా పడుకోబెట్టింది. "ఈ బిరడాల్లో గేర్లు లేవు బాబాయ్. వట్టి రాపిడి మీద నిలబడతాయి. బ్రేకుల్లాంటివనుకోండి. మీరు బస్సు బ్రేకులకి గ్రీజు పెట్టేవారా?"

మావయ్య స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "నా చేతికింద ఎవడైనా ఆ పని చేసుంటే, వాణ్ణి ఆ పూటే గేటు బయట నిలబెట్టేవాణ్ణి" అన్నాడు నెమ్మదిగా.

"పోనివ్వండి. శుభ్రంగా తుడిచి మర బిగించుకుంటే ఇవే బంగారంలా పనిచేస్తాయి. కొత్తవి కొననక్కర్లేదు."

మావయ్య తన రెండు చేతులకేసి చూసుకున్నాడు. "అక్కడే వచ్చింది తల్లీ చిక్కు. ఇవాళ తుడుస్తాను. రేపు పొద్దున్నే ఈ చేతులు నా మాట వినవు. గ్రీజు పెట్టినా జారనివి ఏవైనా ఉన్నాయా?"

ఆవిడ ఇందాక తీయబోయిన అట్టపెట్టె జరిపింది. సాదా ఇనుపరంగు, మూతల్లేవు, పళ్ళన్నీ బయటికే కనిపిస్తున్నాయి. మావయ్య పిడి తిప్పాడు. మరచుట్టు మెదిలి పళ్ళచక్రం తిరిగింది. తీగ చుట్టే కాడను పట్టుకుని మెలితిప్పాడు. పిడి చలించలేదు.

"పిడి చెబితే చక్రం వింటుంది. చక్రం ఎంత మొత్తుకున్నా పిడి వినదు. అచ్చం మా ఇల్లే" అన్నాడు, మొహం వెలిగిపోతూ. "గ్రీజు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. కానీ అగ్గిపుల్ల మొనంత..."

మావయ్య మొదటి మాట దగ్గరే వినడం ఆపేశాడు. అన్నిట్లోకీ చవకైనవి అవేనని డబ్బులిచ్చేటప్పుడు తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం అంతా హాల్లో చేరారు. మనవళ్ళిద్దరూ ముందు వరసలో, దాన్ని ఎవరు ముందు పట్టుకోవాలో గుసగుసగా వాటాలేసుకుంటున్నారు. మావయ్య బిరడాలు బుగ్గకు తగిలేలా ఉకులేలేని ఆనించి చివరిసారి శ్రుతి చూసుకుని మొదలుపెట్టాడు. పల్లవి నిలబడింది. చరణం నిలబడింది. అత్తయ్య గరిటెతో గుమ్మంలోకి వచ్చి, కళ్ళు మూసుకుని నిలబడింది. రెండో చరణంలో మావయ్య మాటలు మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడాడు గానీ, తీగలు మాత్రం మడమ తిప్పలేదు.

పాట ఆగింది. అత్తయ్య దగ్గరికొచ్చి ఒక్కో తీగా మీటి విన్నది.

"ఎక్కడ మొదలెట్టారో అక్కడే ఉంది" అంది.

"అయితే మాకివ్వరా?" అన్నాడు పెద్ద మనవడు.

"ఇవ్వరు. వెళ్ళి ఆడుకోండి." అత్తయ్య మావయ్యకేసి తిరిగింది. "ఆ బుగ్గ తుడుచుకోండి, ఒకవైపే మీసం మొలిచింది. దీనికి మేకు ఏ గోడకి కొట్టిస్తారో చెప్పండి."

ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. మావయ్య పోయాక ఇంట్లో వాయించేవాళ్ళు లేరు. ఆదివారం పొద్దున అత్తయ్య దాన్ని దించి, నాలుగు తీగలూ మీటి, దిగినదాన్ని పైకి లాగి, ఈ పాడు జిడ్డు చచ్చినా వదలదు కదా అని తిట్టుకుంటూ, అగ్గిపుల్ల మొనతో పళ్ళకు ఇంకాస్త అద్ది మళ్ళీ తగిలిస్తుంది. గ్రీజు డబ్బా అడుగంటుతోందని ఈమధ్యే డిపోకి కబురు పెట్టింది.