నాలుగో వరుసకు మంచినీళ్ళు

భీమన్నది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. ఒమాన్ సముద్రతీరాన దుక్మ్‌లో, మా కంపెనీ సైట్‌లో ఆయన పని నీళ్ళు పట్టడం. కొత్తగా పోసిన కాంక్రీటు ఎండకు పగలకుండా గోనెపట్టాలు కప్పి, వాటిని తడుపుతూ ఉండాలి. ట్యాంకర్లో వచ్చే మంచినీళ్ళను నెయ్యిలా వాడతాడు. ఎవరైనా వాటితో కాళ్ళు కడుక్కుంటే, "మీ అత్తగారింటి బాయనుకున్నవా?" అంటాడు.

నేను అక్కడే కాంక్రీటు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను.

ఎండాకాలం దాకా మాతో షెన్ అనే చైనా సర్వేయర్ ఉండేవాడు. అరవై దాటిన మనిషి. సాయంత్రం డ్యూటీ దిగాక, పైపు ముక్కకు మొనదేల్చిన స్పాంజి కట్టి, నీళ్ళలో ముంచి నేల మీద పద్యాలు రాసేవాడు. వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళు పార్కుల్లో అలాగే రాస్తారట. మొదటిరోజు ట్యాంకర్ నీళ్ళు ముంచబోతే భీమన్న బకెట్ లాక్కుని, పునాది గోతిలోంచి పంపు తోడిపోసే ఉప్పునీళ్ళు చూపించాడు. వాళ్ళ స్నేహం అలా మొదలైంది.

మా పరీక్షలో ఫెయిలై పక్కనపెట్టిన ఒక స్లాబు వాళ్ళకు పలక అయింది. షెన్ పాతకాలపు పద్ధతిలో తానే కట్టిన పద్యం నేర్పించేవాడు. నాలుగు పాదాలు, పాదానికి ఐదు అక్షరాలు. పై నుంచి కిందికి ఒక పాదం, దాని ఎడమపక్కన ఇంకొకటి. ఒక పాదం చేతికి పట్టుబడేదాకా రోజూ అదే చోట రాయాలి.

"తాపీ తిప్పినట్టే సార్," అనేవాడు భీమన్న. "అదిమిపెట్టి, కొసకొచ్చేసరికి ఇడిచిపెట్టాలె."

కడప డ్రైవర్ జిలాని ఊరుకునేవాడు కాదు. "ఏం భీమన్నా, చైనా బడి ఎప్పుడు ఇడుస్తారు? సద్ది తెచ్చేదా?"

అర్థం షెన్ ఫోన్‌లో అనువదించి వినిపించేవాడు. సముద్రం మీద మంచు. పడవ కనిపించదు. అటు ఒడ్డు నుంచి ఎవరో పిలుస్తున్నారు. నాలుగో పాదాన్ని ఒక సాయంత్రం షెన్ తన వేలితో భీమన్న అరచేతిలో రాసి చూపించాడు, మళ్ళీ మళ్ళీ. 'నేను బయలుదేరాను' అని దాని అర్థం. రేపు స్లాబు మీద రాద్దాం అన్నాడు. ఆ రాత్రే రూమ్‌లో నిద్రలో పోయాడు. కంపెనీ శవాన్ని వాళ్ళ దేశం పంపింది.

వానకారు రాగానే, ఆ తీరంలో ఏటా వచ్చినట్టే, సముద్రం నుంచి పొగమంచు మొదలైంది. ఒక తెల్లవారుజామున భీమన్న పరుగున ల్యాబ్‌కి వచ్చి నన్ను లాక్కుపోయాడు. స్లాబు మీద మూడు వరుసల అక్షరాలు నల్లగా, అప్పుడే రాసినట్టు తడిగా ఉన్నాయి. నాలుగో వరుస చోటు ఖాళీ.

"ఉప్పు, భీమన్నా," అన్నాను. "రోజూ రాసిన చోట ఉప్పు ఇంకింది. అది గాలిలో తేమను పీలుస్తుంది. అంతే."

"మంచిగ చెప్పినవ్ సార్. మరి ఉప్పు పద్యం నడిమిట్ల ఎందుకాగింది?"

అక్కడ రాయలేదు కాబట్టి, అన్నాను. "నేననేది గదే," అన్నాడు.

రోజూ తెల్లారి అంతే. భీమన్నకు నిద్ర లేదు, తిండి తగ్గింది. వాళ్ళ ఊళ్ళో, చనిపోయినవాళ్ళ పేర పిట్టకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోతే, పోయినవాడి మనసులో ఏదో మిగిలిందని లెక్క. షెన్‌కు మిగిలింది ఒక వరుస. అది భీమన్న అరచేతిలో ఉంది. కానీ రాయాలంటే భయం.

"బయలెల్లిన అని నా చేత్తోటి నేనే రాస్తే, ఆ పిలిచేటోడు నన్ను తీస్కపోతే? మా బిడ్డ సింధూజ ఇంకా ఇంటర్ సార్." అరచేయి నా ముందు చాపాడు. "మీరు రాస్తరా? చదువుకున్నోళ్ళు, మీకీ భయాలు ఉండయి గద."

నా కుటుంబం దుక్మ్‌లో నాతోనే ఉంటుంది. పాపకు ఎనిమిది నెలలు. నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు కింద వేలు పెట్టి చూస్తూ ఉంటాను. మా ఆవిడ రాజేశ్వరి విసుక్కుంటుంది.

"నాకు చేయి తిరగదు భీమన్నా," అన్నాను.

ఆయన నా ముఖం చూసి, తలూపాడు.

ఆ వారమే స్లాబు పగలగొట్టమని ఆర్డరు వచ్చింది. "పలక పోతే ఆయన యాడికి రావాలె? నా రూముకే," అన్నాడు భీమన్న. చివరి సాయంత్రం స్పాంజి తీసుకుని వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. గోతి వైపు పోలేదు. ట్యాంకర్ కొళాయి తిప్పి, బకెట్ నిండా పట్టాడు.

"మంచినీళ్ళా!" అన్నాడు జిలాని. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"సచ్చినోనికి ఉప్పునీళ్ళు పోస్తరారా?"

ఒకసారి అరచేయి చూసుకుని, అయిదు అక్షరాలూ ఆగకుండా దించాడు. మిగిలిన నీళ్ళు స్లాబు అంచున పోసి, వెనక్కి చూడకుండా నడిచాడు.

తెల్లారి మంచు దట్టంగా ఉంది. మూడు వరుసలూ తడిగా లేచాయి. నాలుగోది లేదు.

"ముట్టిండు సార్!" భీమన్న అక్కడే చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "తాగి పోయిండు."

మంచినీళ్ళలో ఉప్పు ఉండదు. ఒక్కసారి రాసింది ఆరితే మిగిలేదేమీ లేదు. ఇది చెప్పడానికి నోరు తెరిచాను. నిద్రలేక గుంటలుపడ్డ ఆ కళ్ళు చూసి, చేయందించి లేపాను.

ఆయన వెళ్ళాక వంగి, నాలుగో వరుస చోట వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. మధ్యాహ్నానికి స్లాబు ముక్కలైంది.

ఇంటికి వెళ్ళేసరికి పాప నిద్రపోతోంది. ముక్కు కింద అదే వేలు పెట్టబోయి, ఆగి, వెళ్ళి చేయి కడుక్కుని వచ్చాను.